మూడు విమానాలతో మొదలై ప్రపంచానికి తెలిసిన పేరు: ఎయిర్ ఇండియా, మహారాజా

మీరు అడిగినవి మూడు. ఎయిర్ ఇండియాను అంతర్జాతీయ విమానయానంలో మార్గదర్శి అంటారు కదా, అందులో నిజమెంత? స్వాతంత్ర్యం వచ్చి ఏడాది తిరక్కుండానే, మూడంటే మూడు విమానాలతో బయల్దేరిన కంపెనీ బ్రిటిష్, అమెరికన్ దిగ్గజాల మధ్య అంత పేరెలా తెచ్చుకుంది? మీ తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన, ఎయిర్ ఇండియా గుర్తు మహారాజా ఉన్న పోస్టర్ ఏ కాలం నాటిది? చివర్లో, ఇప్పుడీ కంపెనీ ఏం చేయవచ్చనీ ఒక వాక్యం రాశారు.

నేను సికింద్రాబాద్‌లో విమాన టికెట్లు అమ్మే పనిలోనే జీవితం గడిపినవాణ్ణి. ఎర్ర కార్బన్ అంటించుకొచ్చే టికెట్ పుస్తకాల రోజుల నుంచి ఉన్నాను. పాత టైమ్ టేబుళ్లు, పోస్టర్లు, లగేజీ లేబుళ్లు దాచుకోవడం అప్పుడబ్బిన అలవాటు. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. అందుకే జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది.

ముందు ఆ "మొట్టమొదటి" సంగతి తేల్చేద్దాం. ఆసియాలో మొదటి అంతర్జాతీయ విమాన సంస్థ ఎయిర్ ఇండియాయేనని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది సరికాదు. ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ 1946లోనే పసిఫిక్ దాటి అమెరికా చేరింది, మరుసటి ఏడాది యూరప్‌కీ వెళ్లింది. మనవాళ్లు లండన్‌లో దిగింది 1948 జూన్‌లో. అయితే గట్టిగా నిలబడే ఘనతలు వేరే ఉన్నాయి. ఆసియాలో జెట్ విమానాలు తెచ్చుకున్న మొదటి సంస్థ ఇదే. మొదటి బోయింగ్ 707 వీళ్ల చేతికి 1960 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఏడాది మే 14న న్యూయార్క్ సర్వీసు మొదలైంది. 1962 జూన్‌కల్లా ప్రొపెల్లర్ విమానాలన్నీ వదిలించుకుని, ప్రపంచంలోనే పూర్తిగా జెట్లతో నడిచే మొదటి విమాన సంస్థ అయింది. అమెరికావాళ్ల పాన్ యామ్ గానీ, బ్రిటిష్‌వాళ్ల బీవోఏసీ గానీ అప్పటికి ఆ పని పూర్తిచేయలేదు. మీరు ఎక్కడైనా మాట్లాడేటప్పుడు ఈ రెండూ ధైర్యంగా చెప్పండి.

అసలు వేరు 1932లో ఉంది. జేఆర్డీ టాటాకు విమానం నడిపే లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న వచ్చింది. మన దేశంలో ఇచ్చిన మొదటి లైసెన్సు అది, నంబరు 1. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం టపా సంచులు తెచ్చి కరాచీలో దించేది. అక్కణ్ణుంచి దక్షిణాదికి ఉత్తరాలు రైల్లో రావలసిందే. ఆ సంచుల్ని కరాచీ నుంచి బొంబాయి మీదుగా మద్రాసుకు గాలిలో చేరుస్తామన్న పథకం నెవిల్ వింట్సెంట్‌ది. ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చినవాడు. టాటాలు రెండు లక్షల రూపాయలు పెట్టుబడి పెట్టారు. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వనంది, అయినా ఆగలేదు.

1932 అక్టోబరు 15న జేఆర్డీ పుస్ మాత్ అనే ఒంటి ఇంజను విమానంలో కరాచీ డ్రిగ్ రోడ్ నుంచి లేచారు. అహ్మదాబాద్‌లో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగారు. జుహూ అంటే అప్పుడు సముద్రం ఒడ్డున మట్టినేల, వానాకాలం వస్తే నీట మునిగేది. ఆ నాలుగు నెలలూ మకాం పూనాకు మార్చేవాళ్లు. అక్కణ్ణుంచి టపా సంచుల్ని వింట్సెంట్ అందుకుని బళ్ళారి మీదుగా మద్రాసు తీసుకెళ్లాడు. బళ్ళారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోదే, తెలుగు బాగా వినిపించే ఊరు. కాబట్టి తెలుగు గడపను ఈ కంపెనీ తొలిరోజే తొక్కిందని చెప్పుకోవచ్చు. రేడియో లేదు, దారి చూపే దీపాలు లేవు. అయినా తొలి ఏడాదే లాభం 60,000 రూపాయలు వచ్చింది. టపా వేళకు చేర్చడంలో వీళ్లకు వచ్చిన పేరే తర్వాత ప్రయాణికుల్ని తెచ్చింది. అంత పేరెలా వచ్చిందని అడిగారు కనుక ఈ మాట చెబుతున్నాను. బొమ్మలు, బోర్డులు ఏవీ లేని రోజుల్లో వేళ తప్పకపోవడమే వాళ్ల ప్రకటన.

1938లో టాటా ఎయిర్‌లైన్స్ అయింది. 1946 జూలై 29న ఎయిర్ ఇండియా అనే పేరుతో పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. అంతర్జాతీయ సర్వీసు ఆలోచనను జేఆర్డీ ప్రభుత్వం ముందు పెట్టినప్పుడు పంపకం ఇలా కుదిరింది: ప్రభుత్వానికి 49 శాతం, టాటాలకు 25, మిగిలింది జనానికి. 1948 మార్చిలో ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ నమోదైంది. మూడు నెలలు గడిచేసరికి, జూన్ 8 రాత్రి, లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ విమానం "మలబార్ ప్రిన్సెస్" బొంబాయి నుంచి లండన్‌కు లేచింది. కెప్టెన్ కె.ఆర్. గుజ్దర్. దారిలో కైరో, జెనీవా. నలభై సీట్లలో 35 మంది. టికెట్ 1,720 రూపాయలు. ఆ రోజుల్లో గుమాస్తా జీతం నెలకు వంద దాటితే గొప్ప, ఎవరికోసం నడిచిన సర్వీసో మీరే ఊహించుకోండి. జామ్‌నగర్ జామ్ సాహెబ్ ఆ విమానంలో ఉన్నారు. లండన్ ఒలింపిక్స్‌కు వెళుతున్న మన సైకిల్ పందెగాళ్లూ ఉన్నారు. జేఆర్డీ దంపతులూ ఉన్నారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. దీనికి జవాబు చెప్పేముందు, చాలామంది రాతల్లో కనబడని ఒక విషయం తెలియాలి. ఆ కాలంలో విమాన కంపెనీలు ధర తగ్గించి పోటీపడే వీలు లేదు. అంతర్జాతీయ ఛార్జీలు విమాన కంపెనీల సంఘమైన ఐయాటా సమావేశాల్లో అందరూ కూర్చుని ఖాయం చేసేవాళ్లు. బొంబాయి-లండన్ ఎవరి విమానం ఎక్కినా అదే క్లాసుకు అదే ధర. విమానాలూ అవే, లాక్‌హీడ్ గానీ బోయింగ్ గానీ అందరికీ ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి. వేగంలో తేడా లేదు. 1958లో ఎకానమీ ప్రయాణికులకు పెట్టే సాండ్‌విచ్ ఎంత ఘనంగా ఉండవచ్చనే దాని మీద కూడా కంపెనీలు ఐయాటా దగ్గర తగువులాడుకున్నాయంటే పరిస్థితి అర్థమవుతుంది. ఇక అమ్ముకోవడానికి మిగిలింది ఆదరణ, పలకరింపు, గుర్తుండిపోయే ముఖం. బీవోఏసీ, పాన్ యామ్‌ల దగ్గర ప్రకటనలకు డబ్బుంది. వీళ్ల దగ్గర లేదు. తక్కువ ఖర్చుతో, ఒక్కసారి చూస్తే మరచిపోలేని గుర్తు కావాలి.

ఆ గుర్తు సిద్ధంగానే ఉంది. సొరాబ్ కైకుష్రూ కూకా, అందరూ బాబీ కూకా అంటారు, 1938లో టాటా ఎయిర్‌లైన్స్‌లో చేరిన పార్సీ పెద్దమనిషి. కమర్షియల్ డైరెక్టర్‌గా ప్రచారమంతా ఆయన చేతిలో ఉండేది. 1946లో విమానంలో ప్రయాణికులకిచ్చే చిన్న రాత కాగితాల మీద వేయడానికి ఆయనకొక బొమ్మ కావలసివచ్చింది. జె. వాల్టర్ థామ్సన్ ఏజెన్సీ బొంబాయి ఆఫీసులో చిత్రకారుడు ఉమేశ్ రావు గీశాడు. గుండ్రటి మొహం, పొడుగాటి కొసతేలిన ముక్కు, చారల తలపాగా, రెండు వైపులా విచ్చుకున్న మీసం. ఎగిరే తివాచీ మీద కూచుని హుక్కా పీలుస్తూ ఉంటాడు. మనందరికీ బాగా తెలిసింది నిలబడిన భంగిమ: ఒక చెయ్యి గుండెల మీద, నడుం వంచి, కళ్లు మూసుకుని చేసే సలాం. ఆ మీసం లాహోర్‌కు చెందిన కూకా మిత్రుడొకరిదని చెప్పుకుంటారు.

వేరే మంచి మాట దొరక్క మహారాజా అంటున్నాం గానీ ఈయన ఒంట్లో రాజరక్తమేమీ లేదని కూకాయే చెప్పారు. బొమ్మ జీవమంతా అక్కడే ఉంది. సంస్థానాలు విలీనమవుతున్న రోజుల్లో నిజం రాజును బొమ్మకట్టి ఉంటే జనం మెచ్చేవారు కాదు. ఈయన వేషం రాజుది, పని అతిథికి సేవ. రాజే తలవంచి పలకరిస్తే వచ్చినవాడికి ఎలా ఉంటుంది? తెల్లవాళ్ల ఊహల్లో తూర్పుదేశమంటే తివాచీలు, హుక్కాలు, తలపాగాలు. కూకా ఆ ఊహను కాదనలేదు, తిట్టలేదు. దాన్ని తీసుకుని మన మర్యాదకు తొడిగేశారు.

తర్వాత పోస్టర్లలో ఆయన వెళ్లని చోటు లేదు, వేయని వేషం లేదు. పారిస్‌లో ప్రేమికుడు, టోక్యోలో సూమో మల్లయోధుడు, ఇంకోచోట సన్యాసి, మరోచోట పేవ్‌మెంటు మీద బొమ్మలేసే చిత్రకారుడు. వీటిలో ఎక్కువవాటికి రాత దాదాపు ఉండదు. ఊరి పేరు, కంపెనీ పేరు, అంతే. విమానం బొమ్మ కూడా ఉండదు. దీన్ని కాసేపు ఆలోచించండి. అప్పటి విదేశీ కంపెనీల పోస్టర్లలో సగం విమానమే కనిపించేది: ఎన్ని ఇంజన్లు, ఎంత వేగం. ఇక్కడ యంత్రం మాటే లేదు. ఊళ్లోకి వెళ్లి ఆ ఊరివాడైపోయే ఒక సరదా మనిషి ఉన్నాడు. చూసినవాడికి "ఈ పెద్దమనిషితో కలిసి వెళితే బాగుంటుంది" అనిపిస్తుంది. నా దృష్టిలో మన దేశంలో ఇంత తక్కువ మాటలతో ఇంత అమ్మిన ప్రకటనలు మరొకటి లేవు.

బొంబాయిలో కెంప్స్ కార్నర్ దగ్గరి హోర్డింగ్ సంగతి వేరే చెప్పాలి. అక్కడ మహారాజా ఊరి కబుర్లు, రాజకీయాలు, అప్పటికప్పుడు జరుగుతున్నవాటి మీద చమత్కారం విసిరేవాడు. ఆఫీసులకు వెళ్లేవాళ్లు కొత్త బోర్డు పడిందా అని తలెత్తి చూసేవారు. నొచ్చుకున్నవాళ్లూ ఉండేవారు. ప్రభుత్వ సంస్థ అయ్యాక కూడా ఆ బోర్డులు అంత స్వేచ్ఛగా మాట్లాడాయంటే, పైన కూర్చున్న ఛైర్మన్ జేఆర్డీ కూకాకు అడ్డురాలేదన్నమాట. మీరు మార్కెటింగ్ చదువుతున్నారు కనుక ఇది రాసిపెట్టుకోండి. కూకా బయటి ఏజెన్సీకి ఫైలు పంపి చేతులు దులుపుకునే అధికారి కాదు. తొలిరోజుల నుంచీ కంపెనీలో ఉన్నవాడు, విమానం ఆలస్యమైతే ప్రయాణికుడి తిట్లు విన్నవాడు. కాబట్టే ఏం వాగ్దానం చేయవచ్చో, ఏం చేయకూడదో ఆయనకు తెలుసు.

వాగ్దానం నిలబెట్టే పని జేఆర్డీది. ఆయన జీతం తీసుకోని ఛైర్మన్. తాను ప్రయాణం చేసిన ప్రతిసారీ నోట్సు రాసి అధికారులకు పంపేవారు. జెనీవా నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన టీ రంగు చూస్తే కాఫీయో టీయో తెలియడం లేదని ఒక నోట్సులో ఉంటుంది. కుర్చీ వాలు, కర్టెన్ రంగు, బీరు గ్లాసు సైజు, ఎయిర్ హోస్టెస్ జుట్టు ముడి, ఏదీ ఆయన కంటికి తప్పేది కాదు. టికెట్లమ్మే మాకు దీని విలువ బాగా తెలుసు. ప్రయాణికుడు తిరిగొచ్చాక మా కౌంటర్ దగ్గర చెప్పేది విమానం మోడల్ గురించి కాదు, తాగిన టీ గురించి.

విమానాలకు పెట్టిన పేర్లు కూడా ప్రచారంలో భాగమే. మొదటి కాన్‌స్టెలేషన్లు రాకుమార్తెలు: మలబార్ ప్రిన్సెస్, రాజ్‌పుత్ ప్రిన్సెస్. తర్వాతి సూపర్ కాన్‌స్టెలేషన్లు రాణులు: రాణీ ఆఫ్ ఝాన్సీ, రాణీ ఆఫ్ అజంతా. 707లు వచ్చేసరికి హిమాలయ శిఖరాలు: గౌరీశంకర్, నందాదేవి, అన్నపూర్ణ, కాంచన్‌జంగా. 1971 నుంచి వచ్చిన 747 జంబోలు చక్రవర్తులు: అశోక, షాజహాన్, రాజేంద్ర చోళ, విక్రమాదిత్య. తర్వాత కొన్న జంబోల్లో ఒకదాని పేరు ఎంపరర్ కృష్ణదేవరాయ. మన "తెలుగదేల యన్న" రాయలు జంబో జెట్ ముక్కు పక్కన పేరై ఖండాలు దాటాడని చెబితే ఇప్పటి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆ జంబోల కిటికీల చుట్టూ బయట ఎర్రటి రాజస్థానీ ఝరోఖాల బొమ్మ వేశారు. "ఆకాశంలో మీ రాజభవనం" అన్నది నినాదం. మొదటిదైన ఎంపరర్ అశోక 1971 ఏప్రిల్‌లో బొంబాయి వచ్చినప్పుడు వైమానిక దళం మిగ్ విమానాలు తోడొచ్చాయి.

ఆ పేర్లలో కొన్ని దుఃఖంతో కూడా గుర్తుండిపోయాయి. మలబార్ ప్రిన్సెస్ 1950 నవంబరు 3న ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్‌ను ఢీకొంది, 48 మంది పోయారు. అదే కొండ మీద 1966 జనవరి 24న కాంచన్‌జంగా కూలింది. అందులో హోమీ భాభా ఉన్నారు. ఎంపరర్ అశోక 1978 కొత్త సంవత్సరం రోజున బాంద్రా దగ్గర సముద్రంలో కూలి 213 మందిని తీసుకుపోయింది. 1985 జూన్ 23న మరో జంబో కనిష్కను బాంబు పెట్టి పేల్చారు, 329 మంది. కంపెనీ చరిత్ర చెప్పేటప్పుడు పోస్టర్లు చూపించి వీళ్లను వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

ఇక అందరూ కట్టుకథ అనుకునే డాలీ బూడిదపళ్లెం సంగతి. ఇది నిజంగా జరిగింది. 1967లో ఎయిర్ ఇండియా తమ ఫస్ట్ క్లాస్ ప్రయాణికులకు కానుకగా ఇవ్వడానికి యాష్‌ట్రే రూపకల్పన చేయమని స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీని అడిగింది. ఆయన చేసింది మెరుపు పూత లేని తెల్ల పింగాణీది. మధ్యలో ఆల్చిప్ప లాంటి పళ్లెం, అంచు చుట్టూ చుట్టుకున్న పాము. కింద దాన్ని మోసే బొమ్మల్లో ఉంది అసలు కిటుకు: ఏనుగు తలను తలకిందులు చేస్తే హంస కనిపిస్తుంది, హంసను తిప్పితే ఏనుగు తల. 1937లో వేసిన ఒక చిత్రంలో ఆయన వాడిన ఆలోచనే ఇది. ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో సుమారు ఐదువందలు చేయించారు. ప్రతిఫలంగా డాలీ డబ్బడగలేదు, ఏనుగుపిల్ల కావాలన్నారు. బెంగళూరు నుంచి ఏనుగుపిల్లను విమానంలో జెనీవా పంపి, అక్కణ్ణుంచి లారీలో స్పెయిన్‌లోని ఆయన ఊరు కడాకెస్ చేర్చారు, వెంట మావటిని కూడా పంపారు. ఒక చిన్న కానుక వస్తువు కోసం ఇంత చేయాలా అంటే, ఏభై ఏళ్లు దాటాక కూడా మీరూ నేనూ దాని గురించి మాట్లాడుకుంటున్నాం. ఏ పత్రికలో ఎన్ని పూర్తి పేజీలు కొంటే ఇది వస్తుంది?

చిత్రకళతో వీళ్ల అనుబంధం డాలీతో మొదలవలేదు. 1956లో బి. ప్రభ అనే యువ చిత్రకారిణి దగ్గర ఆరు చిత్రాలు ఒక్కోటి ఎనభై ఏడున్నర రూపాయలకు కొన్నారు. తర్వాత హుస్సేన్, గాయ్‌తోండే, అంజలీ ఇలా మీనన్, ఇలా పేర్లు చేరుతూ పోయాయి. చిత్రకారులకు డబ్బుకు బదులు విమాన టికెట్లు ఇవ్వడమూ ఉండేది. ఖాళీగా పోయే సీటు కంపెనీకి బరువు కాదు, యూరప్ చూడాలనుకునే పేద చిత్రకారుడికి అది వరం. ఆ చిత్రాలు లండన్, న్యూయార్క్ బుకింగ్ ఆఫీసుల గోడలెక్కాయి. టికెట్ కోసం లోపలికి వచ్చిన విదేశీయుడికి భారతదేశం కౌంటర్ దగ్గరే మొదలయ్యేది. అలా పోగైన సంపద నాలుగు వేలకు పైగా కళాఖండాలు. కంపెనీ అమ్మకం తర్వాత వీటిని ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు అప్పగించే ఏర్పాటు జరిగింది. సరైన నిర్ణయం, ఎందుకంటే మధ్యలో కొన్ని దారితప్పాయి కూడా.

మీ పోస్టర్ విషయానికి వస్తాను. ఫోటో చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ మీరే తేల్చుకోగలిగే దారులున్నాయి. కంపెనీ పేరు చూడండి. "ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్" అని ఉంటే 1948-1962 మధ్యది, ఎందుకంటే 1962 జూన్‌లో "ఇంటర్నేషనల్" అనే మాట తీసేశారు. విల్లు ఎక్కుపెట్టిన గుర్రపు మనిషి, అంటే ధనుస్సు రాశి గుర్తు, ఉంటే పాత చిహ్నం. ఎర్ర హంస, లోపల కోణార్క్ చక్రం ఉంటే అది 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనం తర్వాతి ముద్రణ, తాతగారి కాలం కాదు. ఊరి పేరు కూడా సాక్ష్యమే: నైరోబీ 1950 నుంచి, టోక్యో 1955 నుంచి, మాస్కో 1958 నుంచి, న్యూయార్క్ 1960 నుంచి. మాస్కో పోస్టర్‌పై "ఇంటర్నేషనల్" ఉంటే నాలుగేళ్ల సందులోకి వచ్చేసినట్టే. కింది అంచున సన్న అక్షరాల్లో ముద్రాపకుల పేరు ఉంటుంది, దాన్ని కత్తిరించిన ప్రతులకు విలువ తగ్గుతుంది. అసలు ప్రతిని భూతద్దంలో చూస్తే కాగితం పీచులోకి సిరా ఇంకి ఉంటుంది. కొత్త నకళ్లు నున్నటి మెరుపు కాగితం మీద వస్తున్నాయి. ఒక్క మాట: దయచేసి లామినేషన్ చేయించకండి, వెనక సెల్లోటేపు అంటించకండి. చుట్టిపెట్టడం మాని, ఆమ్లం లేని కాగితాల మధ్య పరిచి ఉంచండి.

జాతీయీకరణ గురించి మీరు అడగలేదు గానీ మనవాళ్లకు సంబంధం ఉన్న ముక్క అందులో ఉంది. 1953 ఆగస్టు 1న ప్రభుత్వం విమాన సంస్థలన్నిటినీ తీసుకుంది. విదేశీ సర్వీసులు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు, దేశంలో తిరిగే ఎనిమిది కంపెనీలు కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు. ఆ ఎనిమిదిలో ఒకటి మన డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా నడిపిన కంపెనీ. మిగతా కంపెనీలు కాదన్న ప్రేమ్ మాథుర్‌ను పైలట్‌గా తీసుకున్నది కూడా హైదరాబాదీ కంపెనీయే. మన దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళ ఆమె. జాతీయీకరణను జేఆర్డీ వ్యతిరేకించారు, అయినా నెహ్రూ కోరితే ఎయిర్ ఇండియా ఛైర్మన్‌గా కొనసాగారు. అందువల్లే ప్రభుత్వ సంస్థ అయిన పాతికేళ్ల దాకా పాత పద్ధతి నిలిచింది.

ఆ తర్వాతి పతనాన్ని నేను త్వరగా దాటేస్తాను, అందరికీ తెలిసిందే. కూకా 1971లో రిటైరయ్యారు. 1978 ఫిబ్రవరిలో మొరార్జీ ప్రభుత్వం జేఆర్డీని తప్పించింది. గల్ఫ్ కంపెనీలు పెరిగాయి. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో కలిపాక నష్టాల్లోంచి తేలనేలేదు. మహారాజాను ఒక దశలో పక్కనపెట్టి, జనం అడిగితే మళ్లీ తెచ్చారు. బొమ్మ అదే సలాం చేస్తూ ఉంది, సీటు పక్కన టీవీ పనిచేయడం లేదు. అప్పుడు నా కౌంటర్ మీద ఉన్న మహారాజా బొమ్మను చూసి ప్రయాణికులు నవ్వే నవ్వు మారింది, అది నాకు కష్టంగా ఉండేది.

కానీ ఆ కాలంలోనే 1990 కూడా ఉంది. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న లక్షా పదకొండు వేల మందికి పైగా భారతీయుల్ని జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి రెండు నెలల్లో తీసుకొచ్చారు. పౌర విమానాలతో జరిగిన అతిపెద్ద తరలింపుగా అది గిన్నిస్‌లోకెక్కింది. కువైట్‌లో కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరుంటారో మనకు తెలుసు. ఆ ఇళ్లలో ఎయిర్ ఇండియా పేరు ఇప్పటికీ ఎలా పలుకుతారో నేను విన్నాను. ఏ పోస్టరూ చేయలేని పని అది.

ఇప్పుడు ఏం చేయవచ్చన్నది మీ చివరి వాక్యంలో ఉంది. 2022 జనవరి 27న కంపెనీ తిరిగి టాటాల చేతికి వచ్చింది, 18,000 కోట్ల బేరం. 2023 ఆగస్టులో కొత్త చిహ్నం పెట్టారు, పాత ఝరోఖా కిటికీ పైఅంచు నుంచి తీసిన గీత అది. మహారాజాను లాంజ్‌లకు, ప్రత్యేక సేవలకు పరిమితం చేశారు. బొమ్మను తగ్గించడం నాకు తప్పుగా అనిపించదు, సీట్లు, భోజనం, వేళ బాగుపడేదాకా ఆయన్ని ముందుకు తోయకపోవడమే మంచిది. నా ఫిర్యాదు ఒక్కటే. 2021 జనవరి 15న హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టారు, మన ఊరినుంచి అమెరికాకు ఆగకుండా వెళ్లిన మొదటి సర్వీసు. అది నిలవలేదు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ రోజుకీ దుబాయ్‌లోనో దోహాలోనో అర్ధరాత్రి టెర్మినల్ మారుతూ, గేటు నంబరు ఎవర్ని అడగాలో తెలియక నిలబడుతున్నారు. కూకా ఉండి ఉంటే వాళ్లకోసమే ఒక హోర్డింగ్ రాయించేవారని నా నమ్మకం. ఆ సర్వీసు మళ్లీ వస్తే శంషాబాద్ దారిలో మొదటి బోర్డు తెలుగులో పెట్టాలి.